రక్తంలో చక్కెర అదుపు తప్పితే

పాల కేంద్రంలో పాలు పోసే ప్రతి సభ్యునికీ వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అనే రెండు అంకెలు కంఠతా వచ్చు. ఎస్.ఎన్.ఎఫ్. అంటే పాలలో నీటినీ వెన్ననూ మినహాయిస్తే మిగిలే ఘన పదార్థాలు. అందులో సగానికి పైగా ఉండేది పాల చక్కెర. దీనినే లాక్టోజు అంటారు. లీటరు ఆవు పాలలో ఇది సుమారు 48 గ్రాములు ఉంటుంది. పొదుగు ఈ చక్కెరను పశువు రక్తంలోని గ్లూకోజు నుండి తయారు చేసుకుంటుంది.

ఇప్పుడు మనిషి రక్తాన్ని చూద్దాం. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యవంతునిలో పరగడుపున ఆ రక్తమంతటిలో కలిసి ఉండే గ్లూకోజు నాలుగైదు గ్రాములు మాత్రమే. అంటే ఒక చెంచా పంచదార అంత. నూరు మిల్లీలీటర్ల చిన్న గ్లాసు పాలలో ఉన్నంత చక్కెర మన మొత్తం రక్తంలో ఉంటుందన్నమాట.

నూరు గ్రాముల బియ్యం వండుకొని తింటే జీర్ణమైన తరువాత అందులో నుండి 75 గ్రాములకు పైగా గ్లూకోజు రక్తంలోకి చేరుతుంది. ఒక చెంచా మాత్రమే ఉండవలసిన చోటికి రెండు మూడు గంటలలో పదిహేను చెంచాలు వచ్చి పడతాయి. అయినా ఆరోగ్యవంతుని రక్తంలో చక్కెర కొద్దిగా పెరిగి, మళ్ళీ తన స్థాయికి దిగివస్తుంది. రాత్రంతా ఏమీ తినకపోయినా అది పూర్తిగా పడిపోదు. ఈ సమతూకాన్ని కాపాడేవి హార్మోనులు. వాటి పని చెడినప్పుడు వచ్చేదే చక్కెర వ్యాధి లేక మధుమేహం.

ఈ వ్యాధి పట్నవాసులకే వస్తుందనే మాట ఇక చెల్లదు. భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా, మొత్తం సుమారు 10 కోట్ల మందికి, ఈ వ్యాధి ఉంది. గ్రామాలలో కూడా నూటికి దాదాపు 9 మందికి ఉంది. దేశమంతటా మరో 15 శాతం మంది వ్యాధి అంచున ఉన్నారు. కనుక ఈ విషయాన్ని సభ్యులకు వివరంగా చెప్పవలసిన అవసరం ఉందని భావిస్తున్నాం.

హార్మోను అంటే ఏమిటి?

మన ఒంట్లో కొన్ని గ్రంథులు ఉన్నాయి. అవి తయారు చేసే పదార్థాలు నాళాల ద్వారా కాక నేరుగా రక్తంలో కలుస్తాయి. రక్తంతో పాటు ప్రయాణించి, దూరాన ఉన్న అవయవాలకు ఏ పని చేయాలో, ఏ పని ఆపాలో తెలియజేస్తాయి. వీటినే హార్మోనులు అంటాం. పాడి రైతులకు ఇది కొత్త సంగతి కాదు. దూడ మూతి పెట్టగానే, లేదా పొదుగు కడగగానే పశువు చేపుతుంది. ఆ స్పర్శకు మెదడు వద్ద ఉన్న పీయూష గ్రంథి నుండి ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై, రక్తం ద్వారా పొదుగుకు చేరి పాలను దింపుతుంది. చక్కెరను అదుపు చేసే హార్మోనులు కూడా ఇలాగే రక్తంలో ప్రయాణించే ఉత్తర్వులు.

జీర్ణాశయం వెనుక అడ్డంగా క్లోమం అనే గ్రంథి ఉంటుంది. ఇది జీర్ణ రసాలను తయారు చేస్తుంది. దీనిలో అక్కడక్కడ చిన్న చిన్న దీవుల వంటి కణాల గుంపులు ఉన్నాయని 1869లో జర్మనీకి చెందిన లాంగర్‌హాన్స్ అనే విద్యార్థి సూక్ష్మదర్శినిలో గమనించాడు. అవి ఏమి చేస్తాయో అప్పటికి తెలియదు. 1889లో మింకోవ్‌స్కీ, మేరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్క క్లోమాన్ని తొలగించగా దానికి తీవ్రమైన చక్కెర వ్యాధి వచ్చింది. చక్కెరను అదుపు చేసేదేదో క్లోమంలోనే ఉన్నదని ఆ విధంగా రుజువైంది. ఆ దీవుల నుండే ఇన్సులిన్, గ్లూకగాన్ అనే రెండు ముఖ్యమైన హార్మోనులు వెలువడుతున్నాయని తరువాత తెలిసింది.

పొంగు కాలం, లేమి కాలం

ఈ రెండింటి పని అర్థం కావాలంటే మన సమాఖ్య పనినే ఉదాహరణగా తీసుకోవచ్చు. చలికాలంలో పాలు పొంగి వస్తాయి. అవన్నీ ఆనాడే అమ్ముడుపోవు. మిగిలిన పాల నుండి పొడి, వెన్న తయారు చేసి గిడ్డంగిలో నిల్వ చేస్తాం. వేసవిలో పాల రాబడి తగ్గుతుంది. అప్పుడు ఆ నిల్వలను తీసి, పాలుగా కలిపి పట్టణాలకు సరఫరా చేస్తాం. వినియోగదారునికి ఏడాది పొడుగునా పాలు ఒకే తీరున అందుతాయి.

మన ఒంట్లో భోజనం చేసిన వెంటనే వచ్చేది పొంగు కాలం. రక్తంలో గ్లూకోజు పెరగగానే క్లోమ దీవులలోని బీటా కణాలు ఇన్సులిన్ విడుదల చేస్తాయి. భోజనం రాబోతున్నదని పేగుల నుండి వెలువడే కొన్ని హార్మోనులు కూడా క్లోమాన్ని ముందుగానే హెచ్చరిస్తాయి. ఇన్సులిన్ మూడు పనులు చేస్తుంది. కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజును లోపలికి తీసుకొనేలా తలుపులు తెరుస్తుంది. కాలేయంలోనూ కండరాలలోనూ గ్లూకోజును గ్లైకోజన్ అనే రూపంలో నిల్వ చేయిస్తుంది. ఇది మన పాలపొడి వంటిది. అంతకు మించి మిగిలిన దానిని కొవ్వుగా మార్చి దాచిపెట్టిస్తుంది. ఇది వెన్న వంటిది. నిల్వలను బయటకు తీయవద్దని కాలేయానికి చెప్పేది కూడా ఇన్సులినే.

భోజనం అయిన నాలుగైదు గంటల తరువాత, ముఖ్యంగా రాత్రి నిద్రలో, లేమి కాలం వస్తుంది. అప్పుడు ఇన్సులిన్ తగ్గుతుంది. దీవులలోని ఆల్ఫా కణాల నుండి గ్లూకగాన్ పెరుగుతుంది. కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజన్ నిల్వ ఉంటుంది. దానిని కరిగించి గ్లూకోజుగా రక్తంలోకి వదలమని గ్లూకగాన్ ఆజ్ఞాపిస్తుంది. ఆ నిల్వ తరిగిపోతుంటే మాంసకృత్తులు మొదలైన వాటి నుండి కొత్తగా గ్లూకోజు తయారు చేయిస్తుంది. కండరాలలో ఇంతకంటే ఎక్కువ గ్లైకోజన్ ఉంటుంది. కాని కండరం తన నిల్వను తానే వాడుకుంటుంది, రక్తంలోకి తిరిగి ఇవ్వదు. కనుక రక్తానికి గిడ్డంగి కాలేయమే.

మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. అది నిద్రలోనూ ఆగదు. అందుకే లేమి కాలంలో సరఫరా ఆగిపోకుండా ఒంట్లో ఇంత ఏర్పాటు ఉన్నది.

ఈ రెండు హార్మోనులకు తోడు మరి కొన్ని ఉన్నాయి. భయం కలిగినప్పుడు, ఎద్దు పొడవ వచ్చినప్పుడు అధివృక్క గ్రంథుల నుండి అడ్రినలిన్ వస్తుంది. పరుగెత్తడానికి వీలుగా అది కాలేయం చేత వెంటనే చక్కెరను వదిలిస్తుంది. జ్వరం, గాయం, మనోవ్యథ వంటి సమయాలలో కార్టిసాల్ పెరిగి రక్తంలో చక్కెరను హెచ్చిస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి జ్వరం వచ్చినప్పుడు, సరిగా తినకపోయినా చక్కెర పెరగడానికి కారణం ఇదే.

గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. రక్తంలో చక్కెరను పెంచే హార్మోనులు అనేకం. తగ్గించే ప్రధాన హార్మోను మాత్రం ఇన్సులిన్ ఒక్కటే. అది లోపిస్తే ఆ స్థానంలో పని చేసే మరొకటి లేదు.

ఉత్తర్వు అందకపోతే

ఇన్సులిన్ లేనప్పుడు ఏమవుతుందో పై ఉదాహరణతోనే చెప్పవచ్చు. నిండు ట్యాంకర్లు డెయిరీ గేటు ముందు బారులు తీరి ఉన్నాయి. గేటు తెరవమనే ఉత్తర్వు రాలేదు. లోపల గిడ్డంగి వారు మాత్రం ఇది లేమి కాలమనుకొని, దాచిన పొడిని తీసి పాలు కలిపి రోడ్డు మీదికి పంపుతూనే ఉన్నారు. బయట పాలు పొర్లుతున్నాయి. లోపల పనివారికి తాగడానికి చుక్క లేదు.

చక్కెర వ్యాధిలో జరిగేది సరిగ్గా ఇదే. రక్తంలో గ్లూకోజు పొర్లుతుంది, కండరాలకు అందదు. పైగా ఇన్సులిన్ అదుపు లేనందున కాలేయం తన వంతు చక్కెరను వదులుతూనే ఉంటుంది. రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా ఉదయం పరీక్షలో చక్కెర ఎక్కువగా కనిపించడానికి కారణం కాలేయమే. “కాఫీలో పంచదార మానేశాను, మిఠాయి ముట్టడం లేదు, ఇంకా మందులెందుకు?” అని చాలామంది అడుగుతారు. పంచదార మానడం మంచిదే. కాని ఒంట్లోనే తయారవుతున్న చక్కెరను పథ్యం ఒక్కటే ఆపలేకపోవచ్చు. ఈ ఒక్క విషయం తెలియక మందులు మానివేసి, కొన్నేళ్ళ తరువాత కళ్ళో, మూత్రపిండాలో, కాలో పోగొట్టుకున్నవారు మన గ్రామాలలో ఉన్నారు.

వ్యాధి లక్షణాలు కూడా దీని నుండే పుడతాయి. రక్తంలో చక్కెర డెసీలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దానిని పట్టి ఉంచలేవు. చక్కెర మూత్రంలోకి పోతుంది, తనతో నీటిని లాక్కుపోతుంది. అందువల్ల అతిమూత్రం, దాని వల్ల విపరీతమైన దాహం. తిన్నది వంటబట్టనందున ఆకలి, నీరసం, బరువు తగ్గడం. మూత్రం తియ్యగా ఉండటం, దానికి చీమలు పట్టడం మన ప్రాచీన వైద్యులు గమనించి మధుమేహమని పేరు పెట్టారు. అయితే చక్కెర 140, 160 వరకు పెరిగి ఏళ్ళ తరబడి ఉన్నా ఈ లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. రోగికి బాధ తెలియదు, రక్తనాళాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

వ్యాధి రకాలు

మొదటి రకంలో ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి బీటా కణాలను నాశనం చేస్తుంది. ఇది ఎక్కువగా పిల్లలలో, యువకులలో కనిపిస్తుంది. వీరిలో ఇన్సులిన్ దాదాపు పూర్తిగా ఉండదు. బయట నుండి ఇన్సులిన్ ఇవ్వడం తప్ప ప్రాణం నిలిపే మార్గం మరొకటి లేదు. తల్లిదండ్రులు చేసిన తప్పు గాని, పిల్లలు తిన్న మిఠాయి గాని దీనికి కారణం కాదు.

రెండవ రకం నూటికి తొంభై మందికి పైగా కనిపించేది. ఇందులో ఇన్సులిన్ తయారవుతుంది. కాని కండరాలు, కాలేయం దాని మాట సరిగా వినవు. క్లోమం కొంతకాలం ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసి నెట్టుకొస్తుంది. చివరకు అలసిపోతుంది. వంశంలో ఉండటం, నడుము చుట్టూ కొవ్వు పేరుకోవడం, ఒంటికి పని తగ్గడం దీనికి ముఖ్య కారణాలు.

గర్భిణులలో కొందరికి మూడవ రకం వస్తుంది. మాయ నుండి వెలువడే హార్మోనులు ఇన్సులిన్ పనికి అడ్డుపడటం దీనికి కారణం. కాన్పు తరువాత ఇది తగ్గిపోయినా, ఆ తల్లికి ముందు ముందు రెండవ రకం వచ్చే అవకాశం ఎక్కువ. కనుక మహిళా సభ్యులు గర్భిణిగా ఉన్నప్పుడు తప్పక పరీక్ష చేయించుకోవాలి. కాన్పు తరువాత కూడా అప్పుడప్పుడు చేయించుకోవాలి.

పాడి పశువులో కనిపించే పోలిక

ఎక్కువ పాలిచ్చే ఆవులకు, గేదెలకు ఈనిన తరువాత మొదటి కొన్ని వారాలలో కీటోసిస్ అనే జబ్బు రావడం సభ్యులకు తెలుసు. పశువు దాణా ముట్టదు, ఎండుగడ్డి మాత్రం కొరుకుతుంది. పాలు ఒక్కసారిగా తగ్గుతాయి. శ్వాసలో, పాలలో ఒక విధమైన తియ్యని ఘాటు వాసన వస్తుంది.

పశువు పొట్టలో పిండి పదార్థాలు సూక్ష్మజీవుల వల్ల పులిసి ఆమ్లాలుగా మారతాయి. అందువల్ల పేగుల నుండి నేరుగా రక్తంలోకి వచ్చే గ్లూకోజు చాలా తక్కువ. తనకు కావలసిన గ్లూకోజును కాలేయమే తయారు చేసుకోవాలి. లీటరు పాలకు సుమారు 70 గ్రాముల గ్లూకోజు కావాలి. పది లీటర్లిచ్చే ఆవుకు పాలకే రోజుకు 700 గ్రాములు కావాలి. ఈనిన తరువాత ఆవులో ఇన్సులిన్ తగ్గుతుంది. పొదుగుకు గ్లూకోజు తీసుకోవడానికి ఇన్సులిన్‌తో పని లేదు. కనుక ఉన్న చక్కెర పొదుగుకే పోతుంది. మేత చాలనప్పుడు ఆవు తన ఒంటి కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కొవ్వు ఒక్కసారిగా కాలేయానికి చేరితే కీటోను పదార్థాలు పుడతాయి. ఆ వాసన వాటిదే.

మొదటి రకం చక్కెర వ్యాధి ఉన్న పిల్లవానికి ఇన్సులిన్ అందకపోతే ఒంట్లో జరిగేది కూడా ఇదే. ఇన్సులిన్ లేనందున కొవ్వు అదుపు లేకుండా కరుగుతుంది, కీటోనులు పెరుగుతాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. తేడా ఒక్కటే. ఆవు రక్తంలో చక్కెర తక్కువై ఇలా జరుగుతుంది. పిల్లవాని రక్తంలో చక్కెర పొర్లుతున్నా వాడుకోలేక ఇలా జరుగుతుంది.

కనుక సభ్యులు ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లలు ఉన్నట్టుండి చిక్కిపోతూ, మాటిమాటికీ నీళ్ళు తాగుతూ, రాత్రి పక్క తడుపుతూ ఉంటే అలక్ష్యం చేయరాదు. దానికి తోడు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, నోటి నుండి పండిన పండు వంటి వాసన ఉంటే అది అజీర్ణమని, గాలి సోకిందని ఇంట్లో ఉంచుకోరాదు. ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కీటోసిస్ వచ్చిన ఆవుకు పశువైద్యుడు ఎక్కించే గ్లూకోజు ఈ పిల్లవానికి మందు కాదు. ఇతనికి కావలసింది ఇన్సులిన్, దానితో పాటు సెలైను. ఆలస్యమైతే ప్రాణానికే ప్రమాదం.

పశువులు ఇచ్చిన మందు

1921 వరకు మొదటి రకం వ్యాధి వచ్చిన పిల్లలు కొద్ది నెలలలో, మహా అయితే ఒకటి రెండేళ్ళలో మరణించేవారు. ఆ సంవత్సరం కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్ అనేవారు, ఆచార్య మెక్లియాడ్ ప్రయోగశాలలో, క్లోమం నుండి ఇన్సులిన్ తీయగలిగారు. మొదట కుక్కల క్లోమంతో, తరువాత కబేళాల నుండి తెచ్చిన పశువుల క్లోమంతో పని సాగింది. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దానిని శుద్ధి చేశాడు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ బాలునికి ఆ మందు ఇచ్చారు. మృత్యువుకు చేరువైన ఆ బాలుడు కోలుకున్నాడు. 1923లో బాంటింగ్, మెక్లియాడ్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలతో కూడిన చిన్న మాంసకృత్తు. పశువు ఇన్సులిన్‌కు, మనిషి ఇన్సులిన్‌కు తేడా మూడు అమైనో ఆమ్లాలే. అందుకే పశువుది మనిషికి పనిచేసింది. సుమారు అరవై ఏళ్ళ పాటు ప్రపంచంలోని రోగులు పశువుల, పందుల క్లోమం నుండి తీసిన ఇన్సులిన్ మీదనే బ్రతికారు. 1982 నుండి సూక్ష్మజీవుల చేత తయారు చేయించిన మానవ ఇన్సులిన్ వాడుకలోకి వచ్చింది. నేడు ఎక్కువగా వాడుతున్నది ఆ పద్ధతిలో తయారైనదే.

పరీక్ష ఎలా?

ఉదయం ఎనిమిది గంటలైనా ఏమీ తినకుండా ఉండి చేయించుకొనే పరీక్షలో రక్తంలో చక్కెర డెసీలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. 100 నుండి 125 వరకు అంచున ఉన్నట్లు. 126 గాని అంతకు మించి గాని ఉంటే, మరొకసారి పరీక్షించి చక్కెర వ్యాధిగా నిర్ణయిస్తారు.

ఒక రోజు వెన్న శాతం చూసి గేదె పాల తీరు చెప్పలేం. పదిహేను రోజుల బిల్లు చూస్తే తెలుస్తుంది. అదేవిధంగా గత రెండు మూడు నెలల సగటును తెలిపే రక్త పరీక్ష ఒకటి ఉంది. దానిని హెచ్‌బీఏ1సీ అంటారు. ఇది 5.7 శాతం లోపు ఉండాలి. 6.5 శాతం గాని అంతకు మించి గాని ఉంటే వ్యాధి ఉన్నట్లు. పరీక్షకు రెండు రోజుల ముందు పథ్యం చేసినంత మాత్రాన ఈ అంకె తగ్గదు.

30 ఏళ్ళు దాటిన వారికి ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ వ్యాధికి, రక్తపోటుకు పరీక్ష చేసే ఏర్పాటు ఉంది. తల్లికి గాని తండ్రికి గాని వ్యాధి ఉన్నవారు అసలు ఆలస్యం చేయరాదు.

పాడి కుటుంబాలు పాటించవలసిన జాగ్రత్తలు

మందు: మందు వల్ల చక్కెర అదుపులోకి వస్తే జబ్బు పోయిందని అనుకోరాదు. కట్ట గట్టిగా ఉన్నందువల్ల నీరు ఆగిందని గ్రహించాలి. డాక్టరు చెప్పనిదే మోతాదు మార్చరాదు. మొదటి రకం వారు తిండి సరిగా తినని రోజున, జ్వరం వచ్చిన రోజున కూడా ఇన్సులిన్ పూర్తిగా ఆపరాదు. మోతాదు గురించి వెంటనే డాక్టరును అడగాలి.

ఇన్సులిన్ నిల్వ: వాడని ఇన్సులిన్ సీసాలను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచాలి. పాలను చల్లబరచే చల్లదనమే దీనికీ సరిపోతుంది. అయితే ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరలో పెట్టరాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత కూడా పనికిరాదు. ఎండ తగిలే కిటికీలో, పొయ్యి దగ్గర ఉంచరాదు. వాడుతున్న సీసాను నీడపట్టున చల్లని చోట ఉంచుకుంటే చాలా రకాలు సుమారు నాలుగు వారాలు పనిచేస్తాయి. ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాకు నీరు తగలకుండా డబ్బాలో పెట్టి, తడిపిన మట్టి కుండలో ఉంచుకోవచ్చు.

వేకువ పని: తెల్లవారుజామున ఇన్సులిన్ వేసుకొని, పాలు పితికి, కేంద్రంలో పోసి వచ్చిన తరువాత తిందామనుకోవడం ప్రమాదం. భోజనానికి ముందు వేసుకొనే ఇన్సులిన్‌ను భోజనంతోనే ముడిపెట్టాలి. చక్కెర 70 కంటే తగ్గితే వణుకు, చెమట, గుండెదడ, ఆకలి, తికమక కలుగుతాయి. వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ తాగాలి. తరువాత ఏదైనా తినాలి. స్పృహ తప్పిన వారి నోట్లో ఏమీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

పాదాలు: ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. గేదె గిట్ట తొక్కినా, ముల్లు దిగినా నొప్పి తెలియదు. పేడలో, మూత్రంలో నానిన ఆ గాయం చీము పట్టి కాలికే ముప్పు తెస్తుంది. వ్యాధి ఉన్నవారు కొట్టంలోకి చెప్పులు లేకుండా పోరాదు. మూసి ఉండే జోడు మరీ మంచిది. ప్రతి సాయంత్రం పాదాలు కడిగి, వేళ్ళ మధ్య తడి తుడిచి, అరికాళ్ళు చూసుకోవాలి. కంటికి ఆనకపోతే ఇంట్లో వారి చేత చూపించుకోవాలి.

ఒంటికి పని: కండరాలు పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే కొంత గ్లూకోజు తీసుకుంటాయి. కనుక నడక, గడ్డి కోత, మేత మోత అన్నీ మేలు చేసేవే. పాలు తేవడానికి మోటారు సైకిలు వచ్చిన ఇళ్ళలో తగ్గిన నడకను మరో విధంగా పూడ్చుకోవాలి.

తిండి: తెల్ల అన్నం తగ్గించి పప్పు, ఆకుకూరలు, కూరగాయలు పెంచాలి. జొన్న రొట్టె, రాగి సంగటి మంచివే, కాని అవి కూడా పిండి పదార్థాలే. ఎంత తిన్నా ఫరవాలేదని అనుకోరాదు. బెల్లం, తేనె పంచదార కంటే మేలని కొందరు చెబుతారు. రక్తంలో చక్కెర విషయంలో మూడూ ఒకటే.

పాలు: చక్కెర వ్యాధి ఉన్నవారు పాలు తాగవచ్చునా అన్న ప్రశ్నకు పాల సంఘాల పత్రికగా నిజమే చెప్పాలి. తాగవచ్చు, పంచదార లేకుండా, లెక్క ప్రకారం. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో సుమారు 10 గ్రాముల లాక్టోజు ఉంటుంది. ఇది రక్తంలో చక్కెరను నెమ్మదిగానే పెంచుతుంది. మాంసకృత్తులు, కాల్షియం కూడా అందుతాయి. గేదె పాలలో వెన్న ఎక్కువ కనుక బరువు తగ్గవలసిన వారు మీగడ తీసి తాగాలి. మజ్జిగ శ్రేష్ఠం. పాలకోవా, తియ్యని సువాసన పాలు మన సమాఖ్య తయారు చేసినవైనా సరే, మిఠాయిల లెక్కలోనే వేసుకోవాలి. పాలు ఈ వ్యాధికి మందు కావు.

సంఘాలకు మా విన్నపం

ప్రతి సంఘం ఏడాదికి ఒకసారైనా, సర్వసభ్య సమావేశం నాడో, బిల్లుల పంపిణీ నాడో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారిని పిలిచి సభ్యులకు చక్కెర, రక్తపోటు పరీక్షలు చేయిస్తే బాగుంటుంది. దీనికి పెద్ద ఖర్చు లేదు. పరగడుపు పరీక్షకు పాల సేకరణ వేళ ఎంతో అనువైనది. ఆ వేళకు చాలామంది ఇంకా ఏమీ తిని ఉండరు, అందరూ ఒకే చోట కలుస్తారు. కేంద్రంలో ఒక డబ్బాలో పంచదార, పక్కనే ఒక గ్లాసు ఎప్పుడూ ఉంచండి. ఇన్సులిన్ వేసుకొనే సభ్యులెవరో, వారి అనుమతితో, కార్యదర్శికి తెలిసి ఉండటం మంచిది.

చూడి గేదె ఈనే రోజు గుర్తుంచుకుంటాం. టీకాల తేదీ గోడ మీద రాసుకుంటాం. పొదుగు కొంచెం గట్టిబడితే పశువైద్యునికి కబురు పంపుతాం. అదే శ్రద్ధ ఇంట్లో మనుషుల మీద కూడా ఉండాలని సభ్యులందరినీ కోరుతున్నాం.